ఇనుప బీమ్‌కు చిల్లులు వేసి చెక్క బిగించారు, కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది మల్కాజ్‌గిరిలో సొంత ఇల్లు. హాలుకు, వంటింటికి మధ్య గోడ తీయించి ఇనుప ఐ-బీమ్ వేయించాం. దానికి టేకు చెక్క తొడగడానికి ఇంటీరియర్ కాంట్రాక్టరు 1,80,000 రూపాయలకు ఒప్పుకున్నారు. బీమ్ కింది అంచుకు, సరిగ్గా మధ్య భాగంలో, వరుసగా పెద్ద చిల్లులు వేసి బోల్టులు బిగించారు. బలం తగ్గిందని తెలిసిన ఇంజినీరు అంటున్నారు. ‘మీరు అడిగిందే చేశాం’ అంటున్నారు కాంట్రాక్టరు. కాగితం మీద ఒప్పందం లేదు. ఇంకా 40,000 ఇవ్వాలి. ఏం చేయాలి?

జవాబు: కేసు తప్పకుండా వేయవచ్చు. కానీ ముందు మీ వాళ్ల ప్రాణాలు చూసుకోండి. పై గదిలో బరువులుంటే తీయించండి. స్ట్రక్చరల్ ఇంజినీరు చెబితే బీమ్ కింద తాత్కాలికంగా జాకీలు నిలపండి. రెండు చివర్లా గోడల మీద ఆనిన బీమ్‌లో మధ్యభాగపు కింది అంచు మీదే లాగుడు ఎక్కువ. అక్కడ చిల్లు పడితే ఆ మేరకు ఉక్కు పోయినట్టే. చిల్లు వేయకుండా అంచును పట్టుకునే క్లాంపులున్నాయి. ఇంజినీరు చూపిన చోట బీమ్ నడిమి నిలువు పలకకు చెక్క దిమ్మెలను బోల్టు చేసి, వాటికి టేకు బిగించే పద్ధతీ ఉంది. మీరు అడిగింది చెక్క తొడగమని. ఎలా బిగించాలో తెలుసుకోవలసింది పని తెలుసని డబ్బు తీసుకున్నవారు. ఇది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపమే.

ఆ చిల్లులను కాంట్రాక్టరు వెల్డింగ్‌తో పూడ్చేస్తానంటే ఒప్పుకోకండి. మీ సాక్ష్యం అవే. పక్కన టేపు పెట్టి ఫొటోలు తీయండి. చిల్లుల వ్యాసం, వాటి మధ్య దూరం, బీమ్ చివరి నుంచి ఎంత దూరంలో ఉన్నాయి, సరిచేయడానికి ఎంత అవుతుంది అన్నవన్నీ ఇంజినీరుతో సంతకం చేసిన నివేదికగా రాయించండి. మాటగా ‘బలం తగ్గింది’ అంటే చాలదు. ఇవన్నీ నమోదయ్యాక, ఇంజినీరు చెప్పిన మరమ్మతు ఆపకండి.

నోటి ఒప్పందమూ ఒప్పందమే. యూపీఐ చెల్లింపులు, వాట్సాప్ సందేశాలు దాన్ని నిరూపిస్తాయి. వాటికి సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, అవి ఏ ఫోనులోవో తెలిపే ధ్రువపత్రం జతచేయాలి, కాబట్టి ఆ ఫోను మార్చకండి. మిగిలిన 40,000 ఊరికే ఎగ్గొట్టినట్టు కనిపించకూడదు. లోపం వివరించి, అందుకే ఆపుతున్నామని నోటీసులో రాసి స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ సదుపాయంతో పంపండి.

జవాబు రాకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, లోపం జరిగిన నాటి నుంచి 2 ఏళ్లలోగా ఫిర్యాదు చేయండి. మరమ్మతు ఖర్చు, కట్టిన డబ్బు, పరిహారం అడగండి. పనికి చెల్లించిన డబ్బు (ప్రతిఫలం) 5 లక్షల లోపు కాబట్టి ఫిర్యాదు రుసుము లేదు.