మౌస్ కదలలేదని జీతం కోయవచ్చా?

ప్రశ్న: ఇంటి నుంచి మెడికల్ కోడింగ్ చేస్తున్నాను, అంటే రోగుల చార్టులు (వైద్య రికార్డులు) చదివి జబ్బులకూ చికిత్సలకూ బీమా కోసం కోడ్‌లు వేసే పని. కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే 'ఖాళీ' అని పడుతుంది. పోయిన నెల అవన్నీ కూడి రెండు రోజుల జీతం కోశారు. ఇచ్చిన చార్టులన్నీ పూర్తి చేశాను. ఇప్పుడు కళ్లు చార్టు మీద, ధ్యాస మౌస్ మీద. ఒకటే టెన్షన్. అడిగే హక్కు నాకుందా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఉందమ్మా. అయితే నిఘాకూ కోతకూ ముడిపెట్టకండి. ల్యాప్‌టాప్ కంపెనీది, అందులో జరిగే పనిని చూసుకోవద్దని చెప్పే చట్టం లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా ఉద్యోగ అవసరాలకు యజమానికి కొంత వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి 'నన్ను ఎందుకు చూస్తున్నారు' అన్న వాదన పెద్దగా నిలవదు.

మీ బలం జీతం దగ్గరుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ అనే చట్టం ప్రకారం, చట్టం ఒప్పుకున్న కారణాలకే జీతం కోయాలి. గైర్హాజరుకు కోయవచ్చు. కానీ ఆపరేషన్ నోట్స్ నాలుగు పేజీలు చదివితేగాని కోడ్ పడదు, ఆ చదివే సేపు మౌస్‌తో పనేముంది? అది గైర్హాజరు కాదు. పోనీ, జరిమానా అంటారా? ముందు మీ సంజాయిషీ వినాలి. పైగా ఒక నెలలో జరిమానా జీతంలో 3 శాతం దాటకూడదు. ముప్పై రోజుల్లో రెండు రోజులంటే అప్పుడే ఆరున్నర శాతం పైమాట.

ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి, ఫోన్‌లో మాట్లాడితే రుజువుండదు. ఏ సెక్షన్ కింద కోశారో, ఏ రోజు ఏ సమయం ఖాళీ అని పడిందో అడగండి. పేస్లిప్, ఆ నెల పూర్తి చేసిన చార్టుల లెక్క జతచేయండి. జవాబు రాకపోతే లేబర్ ఆఫీసులో క్లెయిమ్ వేయండి, దానికి మూడేళ్ల గడువుంది.

మౌస్‌ను దానంతట అదే కదిలించే పరికరం మాత్రం కొనకండి. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు మీద పని చేస్తున్నట్టు నటించారని డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. ఇక్కడా అది దుష్ప్రవర్తన కిందకే వస్తుంది, న్యాయంగా గెలవాల్సిన కేసు చేజారిపోతుంది. నిజానికి వేళ్లను లెక్కపెట్టే కంపెనీకి వేళ్ల కదలికే దక్కుతుంది. తప్పు కోడ్ పడి రోగి బీమా క్లెయిమ్ తిరిగొస్తే ఆ సాఫ్ట్‌వేర్ చెప్పదు. మెయిల్‌లో ఈ మాట కూడా రాయండి, మీ టీమ్ లీడ్‌కు అర్థమవుతుంది.