కూతురికి జ్యూరీ కవరు, తండ్రికి టెన్షన్

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాను. డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి జ్యూరీకి రమ్మని కవరొచ్చింది. నేనోసారి సాక్ష్యానికి నల్గొండ కోర్టుకు పోతే సేటు రెండ్రోజుల జీతం కోసిండు. అమ్మాయికీ అంతేనా?

జవాబు: ముందు వీసా సంగతి చూడండి. జ్యూరీ అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు జనం; అందులో కూర్చునేది అమెరికా పౌరులే. హెచ్‌1బీ అయితే ఫారంలో 'పౌరురాలిని కాను' అన్నచోట టిక్కు పెట్టి పంపితే చాలు. కవరు మాత్రం పారేయొద్దు. పౌరసత్వం ఉంటే వెళ్లాల్సిందే. ఆ రోజులకు ప్రైవేటు కంపెనీ జీతం ఇచ్చి తీరాలని టెక్సాస్‌లో చట్టం లేదు, హెచ్‌ఆర్‌ను అడగమనండి. ఫెడరల్ (కేంద్ర) కోర్టయితే రోజుకు 50 డాలర్లు ఇస్తుంది. జ్యూరీకి వెళ్లిందని ఉద్యోగం తీసేయకూడదు.

మీ సంగతా? క్రిమినల్ కేసులో సాక్షికి ఖర్చులు ఇప్పించమని జడ్జిగారిని అడగొచ్చు. మీరు అడిగి ఉండరు, అవునా?