పాఠకుల ప్రశ్నలు – జవాబులు: స్టార్ హోటల్లో హాలు, గది, బిల్లు

ప్ర: మాది విజయవాడలో పంపుల కంపెనీ. 180 మంది డీలర్లతో హైదరాబాద్ మాదాపూర్‌లోని ఒక స్టార్ హోటల్లో ఒకరోజు మీటింగు పెట్టాలనుకుంటున్నాం. హాలు 4,000 చదరపు అడుగులట, 400 మంది పడతారట. సరిపోతుందా? ముందే ఏమేం మాట్లాడుకోవాలి?

జ: 400 అన్నది అబద్ధం కాదు. కాకపోతే అది థియేటర్ పద్ధతిలో, వరసగా కుర్చీలు మాత్రమే వేస్తే వచ్చే లెక్క. మనిషికి 10 చదరపు అడుగులు. డీలర్ల మీటింగంటే మీరు రౌండు టేబుళ్లే వేయిస్తారు. ఎవరి వీపూ స్టేజీ వైపు లేకుండా 6 అడుగుల టేబులుకు ఆరుగురిని కూర్చోబెడితే 30 టేబుళ్లు కావాలి. కుర్చీ వెనక్కి జరిపాక కూడా సర్వర్ తిరగాలంటే టేబులుకు 110 చదరపు అడుగులు పోతాయి. అక్కడికే 3,300 అయింది. 24 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు స్టేజీ, దాని వెనక ఎల్‌ఈడీ గోడకు (పెద్ద వీడియో తెర) మనిషి దూరేంత సందు కలిపితే ఇంకో 400. మిగిలిన 300లో సౌండు, వీడియో వాళ్ల బల్లలు. మొత్తానికి పడుతుంది, అయితే బొటాబొటిగా. బఫే కూడా లోపలే అంటే ఒప్పుకోకండి. హాలు బయట ఉండే ప్రీ-ఫంక్షన్ ఏరియా ఆ రోజంతా మీకే అని రాయించుకోండి. పక్క హాలు వాళ్లకూ అదే చూపించి ఉండొచ్చు. రెండు వైపుల నుంచీ వడ్డించుకునే బఫే లైన్లు కనీసం రెండు పెట్టించండి.

ఇక అసలు విషయం. మీతో మాట్లాడేది సేల్స్ వాళ్లు. ఆ రోజు పని చేసేది బాంకెట్ (విందు ఏర్పాట్లు), కిచెన్, ఇంజనీరింగ్, సెక్యూరిటీ వాళ్లు. వీళ్లందరికీ అందేది ఫంక్షన్ ప్రాస్పెక్టస్ అనే ఒక్క కాగితమే. హోటల్లో ఎఫ్‌పీ అంటారు. అందులో లేనిది, ఫోన్లో ఎంత ప్రేమగా ఒప్పుకున్నా, లేనట్టే. దాని కాపీ రెండు రోజుల ముందే తెప్పించుకుని లైను లైనూ చదవండి.

అందులో మొదట చూడాల్సింది గ్యారంటీ సంఖ్య, అంటే కనీసం ఇంతమందికి డబ్బు కడతామని మీరిచ్చే మాట. బిల్లు గ్యారంటీకో, తిన్న ప్లేట్లకో, ఏది ఎక్కువైతే దానికి పడుతుంది. పిలిచినవాళ్లందరూ రారు కాబట్టి గ్యారంటీ 160, అంచనా 180 అని రాయించండి. గ్యారంటీకి మించి ఎంతమందికి వండి ఉంచుతారో కూడా అడగండి. సాధారణంగా 5 నుంచి 10 శాతం ఉంటుంది. ప్లేట్లు లెక్కపెట్టేటప్పుడు మీ మనిషి ఒకరు పక్కన నిలబడి, ఆ పూటే సంతకం పెట్టాలి. మర్నాడు ఆ లెక్క ఎవరూ తేల్చలేరు.

రెండోది హాలు చేతికిచ్చే టైము. ముందురోజు రాత్రి అదే హాల్లో రిసెప్షన్ ఉంటే, అది ముగిసి, శుభ్రం చేసేసరికి తెల్లవారుజాము అవుతుంది. మీ ఎల్‌ఈడీ, స్టేజీ వాళ్లకు కనీసం 6 గంటలు కావాలి. వాళ్ల సామాను ఎక్కేది సర్వీస్ లిఫ్టులో. దాని తలుపు వెడల్పు, లోపలి కొలతలు, ఎంత బరువు మోస్తుందో ముందే కనుక్కుని వాళ్లకు చెప్పండి. స్టేజీ ఫ్రేములు లిఫ్టులో పట్టక మెట్ల మీద మోయాల్సి వస్తే రెండు గంటలు అక్కడే పోతాయి.

మూడోది కరెంటు. గోడకున్న ప్లగ్గులు ల్యాప్‌టాప్‌లకే. ఎల్‌ఈడీకి, లైట్లకు త్రీఫేజ్ కనెక్షన్ విడిగా ఇవ్వాలి, దానికి చార్జీ ఉంటుంది. సౌండును లైట్ల లైనులో కలిపితే స్పీకర్లలో గుయ్యిమని శబ్దం వస్తుంది, కాబట్టి వేరే లైను అడగండి. కరెంటు పోతే జనరేటర్ కొద్ది సెకన్లలోనే అందుకుంటుంది. కానీ ఎల్‌ఈడీ ప్రాసెసరు, సౌండు మిక్సరు మళ్లీ మొదటి నుంచి ఆన్ కావాలి, ఆలోగా ఎండీ గారు చీకట్లో నిలబడి ఉంటారు. ఆ రెండింటికీ యూపీఎస్ పెట్టించండి.

ప్ర: పై మీటింగుకే బయటి ఊళ్ల డీలర్లకు గదులు కూడా తీసుకుంటున్నాం. బిల్లు మా జీఎస్టీ నంబరు మీద వేయిస్తే క్రెడిట్ (కట్టిన పన్ను వెనక్కి) వస్తుంది కదా?

జ: రాదు. చాలా కంపెనీలు బిల్లు చేతికొచ్చాక గానీ దీన్ని గమనించవు. గదికైనా, ఫంక్షన్ హాలుకైనా జీఎస్టీ చట్టం ప్రకారం సేవ జరిగిన చోటు ఆ భవనం ఉన్న రాష్ట్రమే. కాబట్టి హైదరాబాద్ హోటల్ సీజీఎస్టీ (కేంద్రం వాటా), తెలంగాణ ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) వేస్తుంది. ఐజీఎస్టీ (ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి జరిగే అమ్మకాల పన్ను) వేయమని బతిమాలినా వేయకూడదు. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ మీద ఆ పన్ను వెనక్కి తీసుకోలేరు. తెలంగాణలో మీకు నిజంగా బ్రాంచి, రిజిస్ట్రేషన్ ఉంటే దాని పేరు మీద బిల్లు వేయించే సంగతి ఆడిటరుతో మాట్లాడండి. అప్పుడు కూడా భోజనాల పన్నుకు మామూలుగా క్రెడిట్ ఉండదు. బడ్జెట్‌లో పన్నును ఖర్చు కిందే రాసుకోండి.

గది ధర విషయంలో ఒక జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు రూ.7,500 దాకా జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. గది 7,400 అయితే పన్నుతో 7,770 అవుతుంది. 7,600 అయితే 8,968. బేరంలో 200 తేడా బిల్లులో 1,198 అయిందన్నమాట. ఇక్కడ గట్టిగా బేరమాడండి. సర్వీస్ చార్జి కనబడితే తీసేయమనండి. అది తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది.

ప్ర: మా అమ్మాయి పెళ్లి సంగీత్‌ను హోటల్ స్విమ్మింగ్ పూల్ పక్కన పెట్టాం. రాత్రి 12 దాకా పాటలు పెట్టుకోవచ్చా? – కరీంనగర్

జ: ఆరుబయట 10 గంటలకు లౌడ్‌స్పీకర్ ఆపాల్సిందే. అది హోటల్ సొంతంగా పెట్టుకున్న నియమం కాదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉన్నదే. మూసి ఉన్న బాంకెట్ హాలుకు మినహాయింపు ఉంది. డాన్సులు 7 గంటలకే మొదలుపెట్టి, 10 తర్వాత లోపలి హాల్లోకి మారేలా ఎఫ్‌పీలో రాయించండి. లోపల రెండో స్పీకర్ సెట్టు సాయంత్రమే సిద్ధం చేసి ఉంచాలి. ఒకే సెట్టును 10 గంటలకు విప్పి లోపల బిగించేసరికి చుట్టాలు గదులకు వెళ్లిపోతారు.

ప్ర: అమెరికా పౌరసత్వం ఉన్న మా అల్లుడు ఆధార్ లేకుండా హోటల్లో దిగగలడా?

జ: దిగొచ్చు. ఒరిజినల్ పాస్‌పోర్టు, దాంతోపాటు వీసా గానీ ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) గానీ చూపించాలి. విదేశీయుల వివరాలు హోటల్ 24 గంటల్లోగా ప్రభుత్వానికి పంపాలి కాబట్టి ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.

ప్ర: గదిలో ఏసీ 18లో పెట్టినా చల్లబడదు. పెద్ద హోటళ్లలో కూడా ఇదేమిటి? – విశాఖపట్నం

జ: అక్కడ ఇంట్లో లాంటి ఏసీ ఉండదు. కింద చిల్లరు అనే పెద్ద యంత్రం చల్లబరిచిన నీళ్లు పైపుల్లో మీ గది ఫాల్స్ సీలింగ్‌లోని కాయిల్‌కు వస్తాయి, ఫ్యాను దాని మీదుగా గాలి తోస్తుంది. 18లో పెట్టినంత మాత్రాన నీళ్లు ఇంకా చల్లగా రావు, ఆ నీళ్లను వదిలే వాల్వు మూసుకోకుండా ఉంటుందంతే. 23లో పెట్టి, ఫ్యాను స్పీడు పెంచి, పడమటి అద్దాలకు మందపాటి కర్టెన్ మధ్యాహ్నమే లాగేయండి. అరగంటకీ మారకపోతే ఇంజనీరింగ్‌ను పిలిపించండి. ఫిల్టరు నిండా దుమ్మో, వాల్వు తెరుచుకోకపోవడమో కారణమవుతుంది. మొదటిది పది నిమిషాల పని. రెండోదైతే గది మార్చమనండి.

ప్ర: ఆఫీసు పనిమీద వెళ్తే 17వ అంతస్తులో గది ఇచ్చారు. అగ్నిప్రమాదం జరిగితే ఎలా అని భయం. – వరంగల్

జ: మీ భయం అర్థవంతమైనదే. కింది అంతస్తు అడిగి తీసుకోవచ్చు, మొహమాటపడకండి. ఏ అంతస్తయినా గదిలో సామాను పెట్టగానే ఒక పని చేయండి. తలుపు వెనక ఉన్న ప్లాను చూసి రెండు మెట్ల దారుల దాకా నడిచి వెళ్లి, మధ్యలో ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోండి. పొగలో బోర్డులు కనబడవు, గోడను తడుముకుంటూ ఆ లెక్కతోనే చేరుకోవాలి. మెట్లదారిలోకి ఫ్యాన్లతో గాలి ఎక్కించి పొగ చొరబడకుండా చేస్తారు. తలుపుకు కుర్చీయో డబ్బాయో అడ్డంపెట్టి తెరిచి ఉంచితే ఆ ఒత్తిడి పోతుంది, మెట్లన్నీ పొగతో నిండుతాయి. అలా కనబడితే వెంటనే డ్యూటీ మేనేజరుకు చెప్పండి.

అలారం మోగితే చేతి వెనక భాగంతో తలుపు తాకి చూడండి. చల్లగా ఉంటే కీకార్డు జేబులో వేసుకుని మెట్ల మీదుగా కిందికి వెళ్లండి. దారిలో పొగ ఎదురైతే వెనక్కి గదిలోకి రావడానికే ఆ కార్డు. లిఫ్టు వద్దు, టెర్రస్ వైపు అసలే వద్దు, దాని తలుపు తాళం వేసి ఉండొచ్చు. తలుపు వేడిగా ఉంటే తెరవకండి. ఏసీ ఆపేసి, తడిపిన తువ్వాళ్లు తలుపు కింద సందులో కుక్కండి. అద్దం పగలగొట్టకండి, బయటి పొగ లోపలికి వస్తుంది. రిసెప్షన్ ఎత్తకపోతే 101కి ఫోన్ చేసి హోటల్ పేరు, అంతస్తు, గది నంబరు, కిటికీ ఏ రోడ్డు వైపు ఉందో చెప్పండి.