సెలవుల్లో పాప "బోర్" అంటే ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా అమ్మాయికి ఆరేళ్లు. మాది అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. పదకొండు దాటితే ఎండకు బయటికి పంపలేను. లేచిన దగ్గర్నుంచి "అమ్మా, బోర్ కొడుతోంది, ఏం చెయ్యను?" అంటూ నా వెంటే తిరుగుతుంది. బొమ్మలు బోలెడున్నా ముట్టుకోదు. ఫోనిస్తేనే ఊరుకుంటోంది. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. బడి తెరిచేది జూన్ 12న. అందాకా ఎలాగండీ?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: బడిలో గంట కొడితే ఆట, గంట కొడితే పాఠం. ఏడాదంతా అలా గడిపిన పిల్లకు ఒక్కసారిగా రోజంతా ఖాళీ దొరికితే ఆట ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. "బొమ్మలేసుకో, బ్లాకులు తీసుకో" అని అయిదు పేర్లు చెబితే అయిదూ వద్దంటుంది. ఒక్కటే వస్తువు ముందు పెట్టి, పది నిమిషాలు పక్కన కూర్చుని చేతులు కలపండి. ఆట పట్టాలెక్కాక మీరు లేచినా పాప లేవదు. ఆ పది నిమిషాలూ ఫోను మీ చేతిలో కూడా ఉండకూడదు.

ఆరేళ్లకు వామనగుంటలు చక్కగా సరిపోతుంది. పీట లేకపోతే ముప్పై గుడ్లు పట్టే అట్ట తీసుకుని, ఆరేసి గుంటలున్న రెండు వరుసలు కత్తిరించండి. పద్ధతి ప్రకారం ఏడేసి ఉండాలి గానీ, నేర్చుకోవడానికి ఇవి చాలు. గుంటకు మూడు చొప్పున 36 చింతపిక్కలు. తన వైపు ఏదో ఒక గుంట ఖాళీ చేసి, కుడివైపుగా ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోగానే పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే, దాని అవతలి గుంటలోవి తనవి. అక్కడితో ఆ వంతు అయిపోయినట్టే. మొదట్లో పాప ఒక గుంట వదిలేస్తుంది, ఒక్కోసారి రెండేసి వేస్తుంది. ప్రతిసారీ తప్పు పట్టకండి, ఆట మానేస్తుంది. రెండు మూడు ఆటలు గెలుపోటములు లేకుండా ఆడించండి. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం పిక్కలు వద్దు. నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

మధ్యాహ్నానికి పిండి బొమ్మలు. మైదా రెండు గ్లాసులు, మెత్తటి ఉప్పు ఒక గ్లాసు, నూనె రెండు చెంచాలు. నీళ్లు ముప్పావు గ్లాసుతో మొదలుపెట్టి, చాలకపోతే చెంచా చెంచా పొయ్యండి. కల్లుప్పయితే మిక్సీ పట్టాలి, లేకపోతే చేతులకు గుచ్చుకుంటుంది. పిండి అంటుకుంటే నీళ్లెక్కువైనట్టు, పగులుతుంటే తక్కువైనట్టు. బొమ్మ చిటికెన వేలి మందం దాటకూడదు, నీడలోనే ఆరాలి. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి, లోపల పచ్చిగా ఉండి పగిలిపోతుంది. నోట్లో పెట్టుకోనివ్వకండి, అందులో ఉప్పు చాలా ఎక్కువ.

ఫోను పూర్తిగా మాన్పించక్కర్లేదు. అయిదు నుంచి పదేళ్ల పిల్లలకు స్క్రీను రోజుకు రెండు గంటల లోపే ఉండాలని మన దేశ పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. టీవీ కూడా ఆ లెక్కలోదే. "బోర్" అన్నప్పుడల్లా ఇవ్వకుండా దానికో వేళ పెట్టండి, సాయంత్రం స్నానమయ్యాక అన్నట్టు. అడిగితే దొరికేదైతే రోజంతా అడుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: సెలవులకు వచ్చిన మా మనవడికి నాలుగేళ్లు. కుండీలో మిరప గింజలు నాటించాను. మొలిచాయా లేదా అని రోజూ తవ్వి చూస్తున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక తాతగారు, తెనాలి

జవాబు: మిరప మొలవడానికి వారం పైనే పడుతుందండీ, నాలుగేళ్లవాడు అన్నాళ్లు ఆగలేడు. గుప్పెడు మెంతులు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంచేసి, పళ్లెంలో తడిగుడ్డ మీద పరచండి. పైన ఇంకో తడిగుడ్డ కప్పండి. ఎన్నిసార్లు ఎత్తి చూసినా నష్టం లేదు. ఒకటి రెండు రోజుల్లో తెల్లని మొలక కనిపిస్తుంది. గుడ్డ తడిగా ఉంటే చాలు, నీళ్లు నిలిస్తే కుళ్లి వాసన వస్తుంది. మొలకలొచ్చాక వాటిని మట్టిలో చల్లి, పైన పలచగా మట్టి కప్పించండి. రెండు వారాల్లో వేలెడు ఎత్తు వస్తుంది. కత్తెరతో మీరు కోసివ్వండి, పప్పులో వాణ్ణే వెయ్యనివ్వండి.