పడవ పందేలకు అంత విలువ ఎందుకు? కర్నూలులో పెట్టొచ్చా?

పడవ పందేల పండుగలు దగ్గరగా చూసినవాళ్లు ఉన్నారా, వాటికి అంత విలువ ఎందుకు, తుంగభద్రలో కూడా పెట్టొచ్చా అని అడిగారు. మాది కర్నూలే. ఉద్యోగం వల్ల కొన్నేళ్లు కేరళలో, చెంగన్నూరులో ఉన్నాను. శబరిమలకు రైల్లో వెళ్లే మన స్వాములు చాలామంది దిగే స్టేషన్ అదే. అక్కడికి దగ్గర్లోనే పడవల పండుగ జరిగే ఆరన్ముళ. నేను చెప్పేదంతా ఎక్కువగా ఆ ఊరి గురించే.

అందరికీ తెలిసింది అలప్పుళలో జరిగే నెహ్రూ ట్రోఫీ. 1952లో నెహ్రూ అక్కడికి వచ్చినప్పుడు ఆయన కోసం పందెం పెట్టారు. ఆయన సంబరం పట్టలేక గెలిచిన పడవలోకి ఎక్కేశారు, ఢిల్లీ వెళ్లాక వెండి పడవను ట్రోఫీగా పంపారు. వంద అడుగులు దాటిన పడవలో దాదాపు వంద మంది ఒకేసారి తెడ్డు వేస్తుంటే ఒడ్డున నిలబడ్డ మనకే టెన్షన్ పట్టుకుంటుంది. అది తప్పక చూడాలి. కానీ మీరు అడిగిన విలువ నాకు అర్థమైంది మాత్రం ఆరన్ముళలోనే.

ఆరన్ముళ పార్థసారథి గుడి ముందు పారేది పంబా నది, మన అయ్యప్ప స్వాములు స్నానం చేసే పంబే. అక్కడ చెప్పుకునే కథ ఇది. కాట్టూరులో భట్టతిరి అనే ఒక బ్రాహ్మణుడు ఏటా ఓణం రోజున ఒక అతిథికి అన్నం పెట్టేవాడు. ఒక ఏడు ఎవరూ రాలేదు. ఆయన దేవుణ్ణి వేడుకుంటే ఒక పిల్లవాడు వచ్చి తిని, ఇకనుంచి ఈ భోజనం ఆరన్ముళకు తెచ్చిపెట్టమన్నాడట. అప్పటినుంచి ఓణం సామాను పడవలో గుడికి పంపడం మొదలైంది. ఒకసారి దారిలో ఆ పడవను అడ్డగిస్తే, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ పడవలతో కాపు వెళ్లి క్షేమంగా చేర్చారట. ఆ కాపు కాసిన రోజుల జ్ఞాపకమే ఈ పండుగ. అందుకే అక్కడ ఎవరు ముందు చేరారన్నదానికంటే పడవలన్నీ పాడుకుంటూ కలిసి నడవడమే ముఖ్యం.

ఈ పండుగలో నడిచే పడవను పళ్లియోడం అంటారు. దాన్ని దేవుడి స్వరూపంగా చూస్తారు, చెప్పులతో ఎక్కరు. పండుగ లేని రోజుల్లో షెడ్డులో భద్రంగా పెట్టి, చేప నూనె, కొబ్బరి చిప్పల బొగ్గు, గుడ్లు కలిపి పూస్తారు. చెక్క గట్టిగా ఉండాలి, నీళ్లలో జారాలి కదా. మన వైపు తిరునాళ్లలో బండలాగుడు చూసినవాళ్లకు ఊరి పరువు పోటీ మీద ఎలా ఆధారపడుతుందో నేను చెప్పక్కర్లేదు. కాకపోతే ఎద్దుల జత ఒక రైతుది. పళ్లియోడం ఊరంతటిది. దాని ఖర్చు, మరమ్మతు, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, అన్నీ ఊరు కూర్చుని తేల్చుకోవాలి. నా లెక్కలో పండుగ అసలు పని అదే. పందెం దానికి ఒక రోజు వేడుక మాత్రమే.

వళ్లసద్య గురించి చెప్పకపోతే మనసు ఒప్పదు. మొక్కు ఉన్నవాళ్లు తెడ్డు వేసేవాళ్లందరికీ గుడిలో విందు పెడతారు. వాళ్లు పడవలో పాడుకుంటూ వచ్చి రేవులో దిగుతారు. అరటాకు ముందు కూర్చున్నాక కూడా పాట ఆగదు. అరవైకి పైగా వంటకాలు ఉంటాయి, ఏది కావాలన్నా పద్యంలో అడుగుతారు. అడిగింది లేదనకూడదు. వాళ్లతో పాటు కృష్ణుడే కూర్చుని తింటాడని నమ్మకం. పడవ నడిపే మనిషికి ఇంతకంటే పెద్ద గౌరవం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక మన కర్నూలు సంగతి. కాలం కుదురుతుంది. అక్కడివి వానాకాలపు పందేలు, మన తుంగభద్రకూ నీళ్లు వచ్చేది అప్పుడే. కానీ వరద వచ్చిందంటే ఏమవుతుందో 2009 అక్టోబరులో ఊరంతా చూసింది. పెడితే పారే నదిలో కాకుండా శ్రీశైలం వెనుక జలాల్లో, నీళ్లు నిలకడగా ఉన్నచోట, లైఫ్ జాకెట్లతో పెట్టాలి. పడవ మనకు కొత్తేమీ కాదు. కె.సి. (కర్నూలు-కడప) కాలువను 19వ శతాబ్దంలో తవ్వింది సాగుతో పాటు పడవల రాకపోకలకు కూడా.

అయితే కేరళ పడవను తెచ్చి ఇక్కడ దింపొద్దని నా మాట. మన నీళ్లలో తిరిగేది పుట్టి. వెదురుతో అల్లి, పట్టా కప్పి, తారు పూసిన గుండ్రటి పడవ. తెడ్డు తెలియనివాడు వేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. దాన్ని తిన్నగా నడిపించే నేర్పు సంగమేశ్వరం వైపు చేపలు పట్టే కుటుంబాలకు ఉంది. పోటీ వాళ్ల మధ్య, వాళ్లే పెద్దలుగా జరగాలి. మొదటి తాంబూలం వాళ్లకే ఇవ్వాలి. ఆఫీసర్లు, టూరిజం వాళ్లు వెనక నిలబడి సాయం చేస్తే చాలు.

ఆరన్ముళ వెళ్లాలనుకునేవాళ్లు తేదీని పంచాంగంలో చూసుకోవచ్చు. ఓణం శ్రవణా నక్షత్రం నాడు, పడవల పండుగ ఆ తర్వాత వచ్చే ఉత్తరాభాద్ర నాడు. చెంగన్నూరులో దిగి బస్సెక్కండి. ఒడ్డున చోటు దొరకాలంటే పొద్దున్నే చేరుకోవాలి.