వీసా చేతిలో ఉన్నా వెనక్కి పంపుతారెందుకు?

విదేశీ సరిహద్దుల్లో ప్రవేశం నిరాకరించడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ వారం జవాబులు.

ప్రశ్న: అన్నీ చూసుకునే కదా కాన్సులేట్ వాళ్లు వీసా ఇచ్చారు? మళ్లీ విమానాశ్రయంలో ఆపి వెనక్కి పంపడం ఏమిటి?

జవాబు: ఆ దేశపు గుమ్మం దాకా వెళ్లి, లోపలికి రానివ్వమని అడిగే వీలు మాత్రమే వీసా ఇస్తుంది. రానివ్వాలా వద్దా తేల్చేది కౌంటర్లో ఉన్న అధికారి. అమెరికానే తీసుకోండి. వీసా ఇచ్చేది విదేశాంగ శాఖ. విమానాశ్రయంలో ఉండేది హోమ్‌లాండ్ సెక్యూరిటీ కింద పనిచేసే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ సిబ్బంది. వీళ్లు వాళ్ల నిర్ణయానికి కట్టుబడనక్కర్లేదు. వీసాకి పదేళ్ల గడువున్నా, ఈసారి ఎన్నాళ్లు ఉండొచ్చో తేదీ వేసేది కౌంటర్లోని అధికారే. ఆ తేదీ దాటి ఉండిపోతే, వీసాకి ఇంకా ఎనిమిదేళ్లు మిగిలున్నా అది దానంతటదే రద్దవుతుంది.

ఐరోపాలో ఒకే వీసాతో తిరగగల షెంజెన్ దేశాల్లో తిప్పి పంపేటప్పుడు ఒక ముద్రిత ఫారం చేతికిస్తారు. అందులో ఒక్కో అక్షరం వేసిన కారణాల పట్టీ ఉంటుంది. ఏ నుంచి ఐ దాకా ఉన్న తొమ్మిదీ ఇవి: చెల్లే పాస్‌పోర్టు లేకపోవడం, పాస్‌పోర్టు నకిలీది కావడం, వీసా లేకపోవడం, వీసా నకిలీది కావడం, ఎందుకు వచ్చారో ఎక్కడ ఉంటారో చూపే కాగితాలు లేకపోవడం, 180 రోజుల్లో ఉండనిచ్చే 90 రోజుల వాటా అప్పటికే వాడేసుకోవడం, సరిపడా డబ్బు లేకపోవడం, రానివ్వొద్దన్న జాబితాలో పేరుండటం, భద్రతకో ప్రజారోగ్యానికో ముప్పు అనుకోవడం. వేరే దేశాల చట్టాలు తిరగేసినా ఇవే కాస్త అటూ ఇటూగా కనిపిస్తాయి. ఏ మోసమూ లేకుండా ప్రయాణించేవాళ్లు ఇరుక్కునేది ముఖ్యంగా ఐదోదానిలో. నోటితో చెప్పేదానికీ, చేతిలో కాగితాలకీ, పెట్టెలో సామానుకీ పొంతన కుదరకపోవడమే అసలు చిక్కు.

ప్రశ్న: అమ్మాయికి పురుడొచ్చింది. మేమిద్దరం వెళ్తున్నాం. "మనవణ్ని చూసుకోవడానికి వచ్చాం" అంటే వెనక్కి పంపేస్తారని ఒకరు భయపెట్టారు. ఏం చెప్పాలి?

జవాబు: నిజమే చెప్పాలి, కానీ పూర్తిగా చెప్పాలి. మనకి "చూడటానికి", "చూసుకోవడానికి" మధ్య తేడా చిన్నది. దుబాసీ నోట రెండోది "పిల్లాడి సంరక్షణ పని" అయి కూర్చుంటుంది. అధికారి ఆలోచన ఇలా నడుస్తుంది: వీళ్లు రాకపోతే ఆ ఇంట్లో ఆ పనికి జీతమిచ్చి మనిషిని పెట్టుకునేవాళ్లా? అయితే వీళ్లు సందర్శకులా, పనివాళ్లా?

కూతురి దగ్గరికి వెళ్లి మనవణ్ని ఎత్తుకోవడం ఏ దేశంలోనూ నేరం కాదు. బంధువుల పిల్లల్ని కొన్నాళ్లు చూసుకోవడం విజిటర్‌గా వచ్చి చేయొచ్చని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. అది ఉద్యోగంలా మారకూడదు, అంతే. కాబట్టి "మా అమ్మాయికి బాబు పుట్టాడు, వాళ్లని చూడటానికి వచ్చాం, పది వారాలుంటాం, ఫలానా తేదీకి తిరుగు టికెట్ ఉంది" అని చెప్పండి. ఇంట్లో సాయం చేస్తారా అని అడిగితే చేస్తామనే చెప్పండి. జీతం ఉందా అంటే లేదనండి. "అబ్బే, వంటింట్లోకే వెళ్లం" అని బొంకితే, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా నిలబడవు.

అనుమానం పెంచేవి వేరే ఉన్నాయి. ఆరు నెలలుండి వెళ్లి, ఆరు వారాలకే మళ్లీ రావడం. ఒకవైపు తాతా అమ్మమ్మ తిరిగి వెళ్లిన వారానికే రెండోవైపు తాతా నాయనమ్మ రావడం. అది చూస్తే చుట్టపుచూపులా ఉండదు, ఇంటికి వంతులవారీ మనుషుల్ని కుదిర్చినట్టు ఉంటుంది.

ఇదే చిక్కు కుర్రాళ్లకి మరో రూపంలో వస్తుంది. గదీ తిండీ ఇస్తే తోటపనో హాస్టల్ పనో చేస్తామని ఆన్‌లైన్లో కుదుర్చుకుని టూరిస్ట్ వీసా మీద దిగుతారు. డబ్బు చేతులు మారకపోయినా, బసకి బదులుగా చేసేది పనే అంటారు అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ. బ్రిటన్ విజిటర్లకి స్వచ్ఛంద సేవ 30 రోజుల దాకా, అదీ నమోదైన ధార్మిక సంస్థలోనే ఒప్పుకుంటారు. ఇక ల్యాప్‌టాప్ మీద తమ దేశపు ఆఫీసు పని చూసుకోవడం: 2024 జనవరి 31 నుంచి బ్రిటన్ దాన్ని నిబంధనల్లోనే అనుమతించింది, రావడానికి ముఖ్య కారణం అదే కానంతవరకు. ఈ సడలింపు అన్ని దేశాల్లోనూ ఉందనుకోవద్దు.

ప్రశ్న: పక్కగదికి తీసుకెళ్లి ఫోన్లు కూడా తెరిచి చూస్తారట. అలాంటప్పుడు ముందే అన్నీ చెరిపేసుకోవడం మేలా?

జవాబు: చూస్తారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నాలుగింటిలోనూ సరిహద్దు అధికారులకి ఆ అధికారం ఉంది. న్యూజిలాండ్‌లో 2018లో వచ్చిన చట్టం ప్రకారం పాస్‌వర్డ్ చెప్పకపోతే 5,000 న్యూజిలాండ్ డాలర్ల దాకా జరిమానా. అమెరికాలో విదేశీయుడు ఫోన్ తెరవనంటే, ప్రవేశం నిరాకరించడానికి అదీ ఒక కారణం కావచ్చు. అక్కడి నిబంధన ప్రకారం నెట్ ఆపేసి, ఫోన్లో నిల్వ ఉన్నది మాత్రమే చూడాలి.

వాళ్లు వెతికేది మీ కుటుంబ ఫొటోలు కాదు. వాట్సాప్‌లో "జీతం", "షిఫ్ట్", "రూమ్ రెంట్", "పెళ్లి తేదీ" లాంటి మాటలు పెట్టి వెతుకుతారు. "దిగిన సోమవారం నుంచే షాపులో కూర్చో, మిగతాది తర్వాత చూద్దాం" అన్న ఒక్క మెసేజ్ దొరికిందంటే, హోటల్ బుకింగులూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ దాని ముందు తేలిపోతాయి. ఫోన్ మొత్తం ఖాళీ చేసుకుని వెళ్తే "ఏం దాచారు?" అన్న ప్రశ్న కొత్తగా పుడుతుంది. పైగా అదే మెసేజ్ అవతలి మనిషి ఫోన్లో ఉంటుంది. బయట ఎదురుచూస్తున్న మీ బంధువుకి వాళ్లు ఫోన్ చేసి, మిమ్మల్ని అడిగినవే అడుగుతారు. మీరు మూడు వారాలనీ, ఆయన ఆరు నెలలనీ చెబితే మాట అక్కడే దొరికిపోతుంది.

ఆ గదిలో మీ ప్రశ్నోత్తరాలు రాతలోకి వెళ్తాయి. అమెరికాలో దాన్ని ప్రమాణ వాంగ్మూలంగా టైపు చేసి, పేజీపేజీకీ మీచేత పొడి అక్షరాలు వేయిస్తారు. అందుకే భాష పూర్తిగా అర్థం కాకపోతే మొహమాటపడకుండా "తెలుగు దుబాసీ కావాలి" అనండి, ఫోన్లో ఏర్పాటు చేస్తారు. పదహారు గంటల ప్రయాణం చేసి అలిసిపోయి, ఏమడిగినా "అవును" అనేసేవాళ్లున్నారు. తెలియనిదానికి తెలియదనండి. చదివి వినిపించాక తప్పుంటే దిద్దమనండి, ఆ తర్వాతే సంతకం. స్వదేశానికి తిరిగి వెళ్తే నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్లు ఆ సంగతి అక్కడే స్పష్టంగా చెప్పాలి. దానికి విచారణ వేరేగా ఉంటుంది.

ప్రశ్న: షెంజెన్ మల్టిపుల్ వీసా ఉంది. 180 రోజుల్లో 90 రోజులు అంటే ఆరు నెలలకోసారి లెక్క మళ్లీ మొదలవుతుందా?

జవాబు: అవదు. ఇది క్యాలెండర్ ఆరునెలలు కాదు, రోజుతో పాటు జరిగే కిటికీ. మీరు అక్కడున్న ప్రతి రోజూ, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టి, అందులో మీరున్న రోజులు 90 దాటాయా అని చూస్తారు. దిగిన రోజూ, బయల్దేరిన రోజూ రెండూ లెక్కలోకే వస్తాయి.

లెక్క ఒకటి వేసి చూద్దాం, ఫిబ్రవరికి 28 రోజులున్న ఏడాదిలో. జనవరి 1 నుంచి 31 దాకా ఉన్నారు: 31 రోజులు. మార్చి 1 నుంచి ఏప్రిల్ 19 దాకా ఉన్నారు: 50 రోజులు. మొత్తం 81. ఇప్పుడు జూన్‌లో 20 రోజులకి వెళ్లాలి. జూన్ 20న దిగితే, జూన్ 29కి పదో రోజు. ఆ రోజు కిటికీ సరిగ్గా జనవరి 1న మొదలవుతుంది. 31, 50, 10 కలిపితే 91, గడువు దాటారు. అదే జూన్ 21న దిగి ఉంటే 29కి 90 మాత్రమే. ఆ మర్నాటి నుంచి ముందు ఒక కొత్త రోజు చేరితే వెనక ఒక జనవరి రోజు రాలిపోతుంది కాబట్టి, జూలై 10 దాకా 90 దగ్గరే నిలుస్తుంది. టికెట్ ఒక్క రోజు అటు జరిపితే చాలిన చోట జనం దొరికిపోయేది ఇలాగే. వీసా స్టిక్కర్ మీద బస రోజులు 90 కంటే తక్కువ రాసి ఉంటే ఆ అంకెకే కట్టుబడాలి. 2025 అక్టోబర్ నుంచి ముద్రల బదులు వేలిముద్రలతో రాకపోకల్ని కంప్యూటర్‌కెక్కించే పద్ధతి మొదలైంది. ముద్ర సరిగా పడలేదన్న మాట ఇక చెల్లదు.

ప్రశ్న: పాస్‌పోర్టుకి ఇంకా నాలుగు నెలల గడువుంది. ఎక్కనిస్తారా?

జవాబు: వెళ్లే దేశాన్ని బట్టి. చాలా దేశాలు ఆరు నెలలు అడుగుతాయి. షెంజెన్‌లో మీరు తిరిగి వెళ్లే తేదీ తర్వాత కనీసం మూడు నెలలుండాలి, పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటకూడదు. ఎయిర్‌లైన్ కౌంటర్లో టైమాటిక్ అనే డేటాబేస్ చూసి ఆపేస్తారు, ఎందుకంటే సరైన పత్రాలు లేనివాళ్లని తెస్తే జరిమానా వాళ్లకి పడుతుంది. ఫొటో పేజీ చిరిగినా, ప్లాస్టిక్ పొర లేచినా ముందే మార్చుకోండి.

ప్రశ్న: హోటల్ బుకింగ్ వీసా కోసం పెట్టి తర్వాత రద్దు చేశాం. స్నేహితుడింట్లో ఉంటాం. ఇబ్బందా?

జవాబు: ఉండేచోటు మారడం ఇబ్బంది కాదు. రద్దైన కాగితాన్నే చూపించడం ఇబ్బంది. అధికారి హోటల్‌కి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. స్నేహితుడి చిరునామా, ఫోన్ నంబరు, ఆహ్వాన పత్రం దగ్గరుంచుకోండి. కొన్ని షెంజెన్ దేశాల్లో ఆతిథ్య పత్రం స్థానిక కార్యాలయంలో నమోదు చేయించాలి, దాన్ని ముందే అడిగి తెలుసుకోండి. ఈ కాగితాలన్నీ చేతి సంచీలో ఉండాలి. లగేజీ చేతికొచ్చేది ఇమిగ్రేషన్ దాటాకే, పెట్టెలో పెట్టినవి కౌంటర్ దగ్గర అక్కరకి రావు.

ప్రశ్న: ఎప్పుడో తాగి బండి నడిపిన కేసులో జరిమానా కట్టాను. కెనడా రానివ్వదా?

జవాబు: కెనడా దీన్ని తీవ్రంగా చూస్తుంది. 2018 డిసెంబర్ 18 నుంచి అక్కడ ఈ నేరానికి గరిష్ఠ శిక్ష పదేళ్లయింది, దాంతో అది తీవ్ర నేరాల కోవలోకి చేరింది. శిక్ష పూర్తయి ఐదేళ్లు గడిచాక రీహాబిలిటేషన్ కింద, అంటే ఆ పాత నేరం ఇక ప్రవేశానికి అడ్డు కాకూడదని కోరుతూ, దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకుముందే వెళ్లాల్సి వస్తే తాత్కాలిక నివాస అనుమతి అడగాలి. రెండూ ప్రయాణానికి చాలా ముందు మొదలుపెట్టాల్సిన పనులు.

ప్రశ్న: వెనక్కి పంపితే టికెట్ ఖర్చు ఎవరిది? మళ్లీ ఎప్పటికీ వెళ్లలేమా?

జవాబు: మిమ్మల్ని తెచ్చిన ఎయిర్‌లైనే వెనక్కి తీసుకెళ్లాలన్నది అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందంలోని తొమ్మిదో అనుబంధం చెప్పే మాట. మీ తిరుగు టికెట్‌నే వాడతారు, లేకపోతే ఖర్చు మీ దగ్గర రాబట్టుకునే హక్కు ఎయిర్‌లైన్‌కి ఉంటుంది. విమానం దొరికేదాకా ట్రాన్సిట్ గదిలోనో నిర్బంధ కేంద్రంలోనో ఉంచవచ్చు. మీ దేశపు రాయబార కార్యాలయానికి కబురు చేయమని అడగండి. వాళ్లు మిమ్మల్ని లోపలికి పంపించలేరు గానీ, మీరెక్కడున్నారో ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది.

తర్వాత ఏమవుతుందన్నది ఏ కాగితం మీద తిప్పి పంపారన్నదాని మీద ఆధారపడుతుంది. అమెరికాలో ఇది చాలా కీలకమైన తేడా. తక్షణ బహిష్కరణ ఉత్తర్వు ఇస్తే మామూలుగా ఐదేళ్ల నిషేధం. ప్రవేశ దరఖాస్తును మీ అంతట మీరు ఉపసంహరించుకోనిస్తే ఆ నిషేధం పడదు. అలా ఒప్పుకోవడం అధికారి ఇష్టమే అయినా, "ఉపసంహరించుకుని వెళ్లిపోతాను" అని అడగడంలో తప్పులేదు. అబద్ధం చెప్పి ప్రవేశించజూశారని రాశారంటే మాత్రం అది జీవితకాల అనర్హత, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప తొలగదు. అందుకే చిన్న ఇబ్బందిని తప్పించుకోవడానికి అబద్ధమాడవద్దని ఇన్నిసార్లు చెప్పడం.

షెంజెన్‌లో ముద్ర పద్ధతి నడిచినచోట, ప్రవేశ ముద్ర వేసి దాని మీద చెరగని నల్ల సిరాతో అడ్డంగా గీతలు కొట్టి, కుడిపక్క కారణం అక్షరం రాస్తారు. ఫారం మీద సంతకం పెట్టినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. అప్పీలు హక్కు ఉంటుంది, అయితే అప్పీలు వేసినా విమానం ఆగదు. ప్రతి కాగితం నకలు తీసుకోండి, తర్వాత వకీలు మొదట అడిగేది అదే.

ఇకమీదట ఏ దేశపు ఫారంలోనైనా "ఎప్పుడైనా ప్రవేశం నిరాకరించారా?" అన్న గడి కనిపిస్తే అవుననే రాయాలి, కింద తేదీ, కారణం రెండు వాక్యాల్లో. అమెరికా వీసా ఫారం దరఖాస్తు ఉపసంహరించుకున్నారా అని కూడా అదే ప్రశ్నలో అడుగుతుంది, కాబట్టి నిషేధం లేకుండా వెనుదిరిగినవాళ్లు కూడా అక్కడ "అవును" అనే పెట్టాలి.