చిప్ మీద పేరు చదవలేకపోయినా అదేమిటో తెలుసుకోవచ్చు

ఈఎస్‌పీ32 అనే ప్రోగ్రామ్ చేసుకునే చిన్న బోర్డు కొన్నానని, దాన్ని యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌తో మాట్లాడించే సీరియల్ చిప్ సీపీ2102 అని అమ్మకం పేజీలో ఉందని, ఆ డ్రైవర్ వేసినా కంప్యూటర్‌లో కామ్ పోర్ట్ (బోర్డుతో మాట్లాడే దారి) రావట్లేదని రాశారు. చిప్ మీది అక్షరాలు కనబడటం లేదు, ఏ డ్రైవర్ వేయాలి అని అడిగారు. ప్రస్తుతానికి ఇంకే డ్రైవరూ వేయకండి. నేను ఇదే చిక్కులో రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

నా బోర్డు ఫోటోలోనూ సీపీ2102 అనే ఉంది. వచ్చిన చిప్ కూడా అలాగే చిన్న చదరం, కాళ్లు బయటికి కనిపించవు. అందుకే అనుమానం రాలేదు. సీపీ2102 తయారుచేసే సిలికాన్ ల్యాబ్స్ డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, పాత వెర్షన్ వెతికి వేశాను, చివరికి బోర్డు పాడైందనుకుని పక్కన పడేశాను. మర్నాడు డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పక్కనున్న పేరు సరిగా చదివితే ‘యూఎస్‌బీ సింగిల్ సీరియల్’ అని ఉంది. అంటే ఆ చిప్ డబ్ల్యూసీహెచ్ అనే కంపెనీ వాళ్ల సీహెచ్9102. వాళ్ల డ్రైవర్ వేయగానే పోర్ట్ వచ్చింది.

కాబట్టి అమ్మినవాళ్ల మాటా వద్దు, ఫోటో వద్దు, చిప్‌నే అడగండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, బోర్డు తగిలించగానే కొత్తగా వచ్చే పేరు మీద రైట్ క్లిక్ చేయండి. ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే వీఐడీ, పీఐడీ కనిపిస్తాయి. మొదటిది కంపెనీ నంబరు, రెండోది ఆ వస్తువు నంబరు. లినక్స్‌లో అయితే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ చాలు.

వీఐడీ 1ఏ86 అయితే డబ్ల్యూసీహెచ్. దాని పక్కన పీఐడీ 7523 ఉంటే సీహెచ్340, 55డీ4 ఉంటే సీహెచ్9102. మీది ఈ రెండోదే అయి ఉంటుందని నా అంచనా. 10సీ4, ఈఏ60 వస్తే నిజంగానే సీపీ210ఎక్స్ కుటుంబం. 0403, 6001 వస్తే ఎఫ్‌టీడీఐ కంపెనీ వాళ్ల ఎఫ్‌టీ232. వీఐడీ 067బీ అయితే ప్రొలిఫిక్ కంపెనీది. 303ఏ వస్తే అది ఈఎస్‌పీ32 తయారుచేసే ఎస్ప్రెసిఫ్ నంబరే, అంటే ఈఎస్‌పీ32లో ఎస్3, సీ3 లాంటి రకాల్లో యూఎస్‌బీ ప్రధాన చిప్‌లోనే ఉంది. వేరే సీరియల్ చిప్ కోసం వెతకక్కర్లేదు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ నంబర్లు ఏ డ్రైవర్ కావాలో చెబుతాయి, చిప్ అసలైనదో కాదో చెప్పవు. నకిలీ ఎఫ్‌టీ232 కూడా 0403, 6001 అనే చెప్పుకుంటుంది. 2014లో ఎఫ్‌టీడీఐ కొత్త డ్రైవర్ అలాంటి నకిలీల పీఐడీని 0000గా మార్చేసింది, దాంతో ఎందరివో బోర్డులు ఒక్కసారిగా కనబడకుండా పోయాయి.

విండోస్‌లో వీఐడీ 0000, పీఐడీ 0002 అని వస్తే అది చిప్ చెప్పిన నంబరు కాదు. చిప్ జవాబే ఇవ్వలేదని అర్థం. అప్పుడు డ్రైవర్ గొడవ వదిలేసి కేబుల్, సోల్డరింగ్ చూడండి. అసలు కొత్త పేరే రాకపోతే నూటికి తొంభై పాళ్లు కేబులే. బోర్డు మీద లైటు వెలుగుతుంది కాబట్టి కేబుల్ బాగుందనుకుంటాం. కానీ చార్జింగ్‌కు మాత్రమే చేసిన కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఫోటోలు వెళ్లే కేబుల్ పెట్టి చూడండి.

చిప్‌ను కంటితో చూడాలంటే టార్చ్‌ను పక్క నుంచి ఏటవాలుగా వేసి, ఫోన్ కెమెరాలో జూమ్ చేయండి. కోఠీలో కొన్న నా ఆర్డుయినో నానో బోర్డు నకలు అడుగున ఉన్న చిప్‌ను అలాగే చదివాను. రెండు వైపులా ఎనిమిదేసి కాళ్లు, పక్కనే వెండి రంగు క్రిస్టల్, దాని మీద 12 అని ఉంటే దాదాపు సీహెచ్340జీ. సీహెచ్340సీకి బయట క్రిస్టల్ అక్కర్లేదు.

ఉబుంటు 22.04 వాడేవాళ్లకు ఇంకో తంటా ఉంది. నంబరు సరిగానే వస్తుంది, పోర్ట్ మాత్రం వచ్చి వెంటనే మాయమవుతుంది. బ్రెయిల్ పరికరాల కోసం ఉండే బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ సీహెచ్340ని తనదనుకుని లాక్కుంటుంది. మీ ఇంట్లో బ్రెయిల్ డిస్‌ప్లే వాడేవాళ్లు లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి, పోర్ట్ నిలుస్తుంది.

ముందు ఆ రెండు నంబర్లు చూసి ఇక్కడ రాయండి. డ్రైవర్ మాత్రం ఆ చిప్ కంపెనీ సైట్ నుంచే దించుకోండి.